నక్కవాగు ఒడ్డున చెత్త ఎప్పుడు పుట్టింది?

వంటింటిని పర్యావరణానికి మేలు చేసేలా దిద్దుకోవడం ఎలాగో చెప్పే సలహాలకు ఇప్పుడు కొదవ లేదు. గుడ్డసంచి పట్టుకెళ్లమంటారు, ప్లాస్టిక్ డబ్బాలు మానమంటారు, కూరగాయల తొక్కలతో ఎరువు చేయమంటారు, చిరుధాన్యాలు తినమంటారు. అన్నీ మంచి మాటలే. అయితే వీటన్నిటి వెనుకా ఒక నమ్మకం దాగి ఉంది. వృథా అన్నది ఇంటివాళ్ల అలవాటులో లోపమని, అలవాటు మారితే వృథా దానంతటదే పోతుందని. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు గత అరవై ఏళ్ల చరిత్ర ముందు ఆ నమ్మకం నిలవదు. ఇక్కడి పల్లెల్లో రెండు తరాల కిందటి దాకా వంటింటి చెత్త ఒక సమస్యగా ఎవరికీ తోచలేదు. అప్పటివాళ్లు ఇప్పటివాళ్ల కన్నా బుద్ధిమంతులు కావడం దానికి కారణం కాదు. వంటింట్లోంచి బయటికొచ్చే ప్రతిదాన్నీ అందుకునే చోటు ఒకటి ఇంటి చుట్టూ ఉండేది. పశువుల కొట్టం, పెంటకుప్ప, చేను, వాగు. ఆ నాలుగూ ఒక్కొక్కటే చేజారాక, అవే తొక్కలు, అదే గంజి, అదే ఆకు చెత్త అయ్యాయి. కాబట్టి వృథా లేని వంటిల్లు కావాలంటే వంటింటి కన్నా ముందు ఆ అందుకునే చోట్ల సంగతి చూడాలి. ఈ మాటకు సాక్ష్యం ముంబై రహదారి పొడవునా పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా పరుచుకుని ఉంది.

ఆ పాత ఏర్పాటుకు నడుమ ఉన్నది కుడితి గోలెం. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, పులిసిపోయిన అంబలి, కంచాల్లో మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే పోయేవి. పైన గుప్పెడు తవుడో కందిపొట్టో కలిపితే బర్రెకు అదే దాణా. బర్రె పాలిచ్చేది, పేడ వేసేది. ఆ పేడలో కొంత పిడకలై పొయ్యిలోకి, కొంత అలుకై ఇంటి నేల మీదికి, మిగిలింది పెంటకుప్పకు చేరేది. పొయ్యిలోని బూడిదతో గిన్నెలు తోమేవారు. తోమిన నీళ్లు పెరట్లో కాకర, బీర పాదులకు పారేవి. చిక్కుడాకుల మీద పురుగు పట్టకుండా చల్లేదీ బూడిదే, విత్తనాల కుండలో వేపాకుతో పాటు కలిపేదీ బూడిదే. రాత్రి మిగిలిన అన్నం, రొట్టె పొద్దున్నే మజ్జిగతో సద్ది అయ్యేవి. కాపు ఎక్కువైన వంకాయలు, కాకరకాయలు ఎండలో వరుగులై వానాకాలానికి దాచుకునే కూర అయ్యేవి. తొలకరికి ముందు పెంటకుప్పంతా బండ్లకెక్కి చేనుకు పోయేది. ఇందులో ఏ ఒక్క పనినీ చెత్త తగ్గించే పనిగా ఎవరూ చేయలేదు. ఒకచోట అక్కరతీరినది ఇంకొకచోట మేతో, కట్టెపుల్లో, ఎరువో కావలసి వచ్చేది. పారేస్తే నష్టం. పొదుపును నీతిగా బోధించాల్సిన అవసరం రాలేదు. ఇంటి లెక్కే దాన్ని నడిపించింది.

ఈ లెక్కకు మూలం పంటలో ఉంది. పాత మెదక్ జిల్లా మెట్టప్రాంతంలో ప్రధానమైన తిండి జొన్న. ఆ ఒక్క పైరు ఇంటికి మూడు రకాలుగా వచ్చేది. గింజ రొట్టెకు, గట్కకు, అంబలికి. సొప్ప ఎడ్లకు, బర్రెలకు ఏడాది పొడవునా మేత. కోసిన తర్వాత మిగిలిన కొయ్యకాళ్లు పొయ్యికి. జొన్నలో సాళ్లుగా వేసిన కంది కూడా అంతే. పప్పు మనుషులకు, పొట్టు పాడిపశువులకు, కట్టె వంటకు, దడికి, గంపలకు. గింజను పాతరలోనో, పేడతో అలికిన గుమ్మిలోనో దాచేవారు. విత్తకుండానే మొలిచే ఆకుకూరలు కూర కుండలోకి నేరుగా చేనులోంచే వచ్చేవి. దొగ్గలికూర, తుమ్మికూర, చెన్నంగి, గునుగు, గంగవాయిలి, పొన్నగంటి. కలుపు తీసిన కూలికి అదే ఆ పూట కూర. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తిండి గింజ తన సొప్పను, పొట్టును, కట్టెను వెంటబెట్టుకుని ఇంటికొచ్చినంత కాలం పశువును సాకడం పెద్ద బరువు కాలేదు. పశువు ఉన్నంత కాలం కుడితి గోలేనికి పని ఉంది. కుడితి గోలేనికి పని ఉన్నంత కాలం వంటింట్లో మిగిలేది ఏదీ లేదు. వృథా లేని వంటిల్లు చేనులోని మిశ్రమ పంట మీద ఆధారపడి నిలిచింది. చేను మారితే వంటిల్లు మారక తప్పదు.

ఇదంతా పాతకాలాన్ని పొగిడే ధోరణి కాదా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. ఆ వంటింటికి పొగ ఉంది. కట్టె, పిడక కాల్చిన పొగ ఆడవాళ్ల కళ్లను, ఊపిరితిత్తులను తినేసింది. నీళ్లు మోయడం, పేడ ఎత్తడం, కట్టెలు ఏరడం, జొన్నలు విసరడం అన్నీ వాళ్ల వంతే. అంతకన్నా చేదు నిజం ఇంకొకటుంది. నిజాం కాలపు తెలంగాణలో దొరల గడీలకు, పర్యటనకొచ్చే అధికారులకు కుమ్మరి కుండలు, అడవి నుంచి కట్టెలు, భోజనాలకు ఆకుల విస్తళ్లు వెట్టిలో భాగంగా ఊరికే చేరేవి. మన్నులో కలిసిపోయే మోదుగాకు విస్తరి వెనుక కూలి దక్కని మనిషి చేతులున్నాయి. పెద్దిళ్లలో మిగిలిన అన్నం పారేయకపోవడం వెనుక, దాన్ని అడుక్కుని తీసుకుపోవాల్సిన కులాల ఆకలి ఉంది. వెట్టి మీద తెలంగాణలో నోరెత్తిన ఉద్యమానికి తొలి ఆంధ్రమహాసభ 1930లో జరిగింది ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలోనే. సురవరం ప్రతాపరెడ్డి దానికి అధ్యక్షులు. కాబట్టి ఆ ఏర్పాటును ఉన్నదున్నట్టు తిరిగి తేవాలని ఎవరూ కోరకూడదు. కానీ రెండు విషయాలను విడదీసి చూడాలి. వస్తువు తిరిగి మన్నుకు చేరడం ఒకటి. ఆ పనిని బలవంతంగా ఎవరి నెత్తినో రుద్దడం మరొకటి. రెండోది పోవడం న్యాయం. రెండోది పోవాలంటే మొదటిదీ పోవాలన్న నియమం లేదు. పోయిన తీరు చూస్తే, న్యాయం కోసం జరిగిన మార్పులు కొన్నైతే, లాభం కోసం జరిగినవి మరికొన్ని.

మొదటి రకం మార్పుల్లో పెద్దది బియ్యం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. జొన్నగట్క తప్ప ఎరుగని ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. ఆకలి మీద ఇది నిజమైన గెలుపు. అన్నం తినడం అంతవరకు పండగకో, పెద్దింటికో చెందిన గౌరవం. ఆ గౌరవం పేదవాడికీ దక్కింది. కాకపోతే చౌకదుకాణం బియ్యం సంచిలో ఒంటరిగా వచ్చింది. దానితో గడ్డి రాలేదు, తవుడు రాలేదు, కట్టె రాలేదు. జొన్న వేయాల్సిన అవసరం తగ్గిన మెట్టచేలు కొన్ని బీళ్లయ్యాయి, కొన్ని అమ్ముకునే పంటలకు మళ్లాయి. సొప్ప తగ్గితే పశువు బరువైంది. ట్రాక్టరు వచ్చాక ఎద్దు అక్కర కూడా తీరింది. పొయ్యి విషయంలోనూ ఇదే జరిగింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం పేద ఇళ్లకు గ్యాస్ పొయ్యిని చేర్చాయి. ఆడవాళ్ల ఊపిరికి ఇంతకన్నా మేలు చేసిన మార్పు అరుదు. దానితో పాటే బూడిద మాయమైంది. బూడిద స్థానంలో సబ్బుబిళ్ల, ప్లాస్టిక్ పీచు వచ్చాయి. పెరటి పాదు స్థానంలో మోరీ వచ్చింది. పాలు పొట్లాల్లో, నూనె ప్యాకెట్లలో వచ్చాయి. ఏ మార్పునూ విడిగా తప్పుపట్టలేం. వెనకటి ఏర్పాటులో పోయిన ముక్క చేసిన పనిని కొత్తగా ఎవరు చేస్తారో ఏ పథకమూ ఆలోచించలేదన్నదే లోటు. గింజను ప్రభుత్వం ఇచ్చింది, గింజతో వచ్చే సొప్పను మరిచింది. పొయ్యిని ఇచ్చింది, బూడిద చేసే పనిని మరిచింది.

రెండో రకం మార్పు పరిశ్రమలతో వచ్చింది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం మొదలైంది. 1972లో పటాన్‌చెరు పక్కన సుమారు 1,400 హెక్టార్లలో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని ప్రధాన పంటలు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో పారిశ్రామికవాడలు పెరిగాయి. వెనుకబడిన జిల్లా కావడం వల్ల రాయితీలు, పక్కనే హైదరాబాద్, వాకిట్లో జాతీయ రహదారి, చౌకగా భూమి ఇందుకు తోడ్పడ్డాయి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో మందుల తయారీ తెలిసిన ఒక తరాన్ని తయారుచేసింది. మందు మీద కాక తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చే 1970 నాటి చట్టం ఆ తరం చేతికి మార్కెట్‌ను అప్పగించింది. దాంతో మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ పరిశ్రమ ఈ పట్టీలో వేళ్లూనింది. దేశానికి, ప్రపంచానికి చవక మందులు ఇక్కడి నుంచి వెళ్లాయి. వేలమందికి పని దొరికింది. అయితే ఈ పరిశ్రమకు కూడా వంటింటికి ఉన్న ప్రశ్నే ఉంది. మిగిలింది ఎక్కడికి పోవాలి? పల్లె వంటింటికి కుడితి గోలెం ఉండేది. ఫ్యాక్టరీకి నక్కవాగు దొరికింది. పటాన్‌చెరు ప్రాంతపు చెరువులను, పొలాలను తాకుతూ వెళ్లి మంజీరలో కలిసే చిన్న వాగు అది. పొలాలకు తడి, పశువులకు నీళ్లు, ఒడ్డున గడ్డి ఇచ్చిన ఆ వాగు రసాయన వ్యర్థాల కాలువ అయింది. పక్కనే ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో లక్షకు పైగా విత్తన నమూనాలు చల్లగా భద్రమవుతుంటే, అదే మండలంలో ఆ విత్తనం మొలవాల్సిన నేల, తాగాల్సిన నీరు చెడుతూ వచ్చాయి.

దీని సాక్ష్యాలు కోర్టు కాగితాల్లోనూ, శాస్త్ర పత్రికల్లోనూ ఉన్నాయి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి పాతికేళ్లకు పైగా నడిచింది. పంట నష్టపోయిన రైతులకు పరిహారం, దెబ్బతిన్న ఊళ్లకు తాగునీరు ఆ పోరాటం వల్లే దక్కాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ ఎ. కిషన్‌రావు వంటివారు ఊళ్ల తరఫున ఏళ్ల తరబడి నిలబడ్డారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు 2001లో పటాన్‌చెరు నేలల్లో భారలోహాల కాలుష్యాన్ని నమోదు చేశారు. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన వ్యాసం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగునీరు అందుకుని శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాన్ని మించిన మోతాదు ఇది. రోజుకు పోతున్న సిప్రోఫ్లోక్సాసిన్ సుమారు 45 కిలోలని, తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేదానికి అది సమానమని వాళ్లు లెక్కగట్టారు. 2009లో మరో అధ్యయనం చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు చూపింది. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచీలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం.

ఈ అంకెలకూ వంటింటికీ సంబంధం ఏమిటి? బావి నీళ్లు పనికిరాకపోతే కుడితికి పోసే నీళ్లు కూడా పనికిరావు. వాగు ఒడ్డు గడ్డి మేపలేకపోతే బర్రె అమ్ముడుపోతుంది. పొలం వరి పండించలేకపోతే పెంటకుప్పకు పోవాల్సిన చోటు ఉండదు. నీళ్లు ట్యాంకరు మీదో, పైపులోనో, డబ్బాలోనో కొనుక్కున్నట్టు రావడం మొదలయ్యాక పెరట్లో పాదుకు పోసేంత ధారాళం ఎక్కడిది? మంజీర నీళ్లు 1965 నుంచి హైదరాబాద్ కుళాయిలకు వెళ్తున్నాయి. ఆ మంజీర పక్కనే, నక్కవాగు ఊళ్లు తమ కాళ్ల కింది నీటిని వదులుకుని పైపు నీటి కోసం కోర్టు మెట్లెక్కాయి. పాత వంటింటిని నిలబెట్టిన నాలుగు చోట్లలో పశువుల కొట్టాన్నీ పెంటకుప్పనూ కొంతవరకు చౌకబియ్యం, గ్యాస్ పొయ్యి, ట్రాక్టరు బలహీనపరిచాయి. చేనునూ వాగునూ ఈ పట్టీలో విషం పాడుచేసింది. ఇళ్లలో పొదుపు బుద్ధి తగ్గినందుకు తొక్కలు రోడ్డెక్కాయనడం ఈ చరిత్ర తెలియని మాట. తొక్కలను అందుకునేది ఏదీ మిగలనందుకే అవి రోడ్డెక్కాయి.

కాలుష్యాన్ని సరిదిద్దిన పద్ధతి కూడా గమనించదగ్గది. పటాన్‌చెరు కేంద్రం నుంచి శుద్ధిచేసిన నీటిని వాగులో వదలకుండా 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాద్ మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. నక్కవాగుకు ఊరట దొరికిన మాట నిజం. కానీ ఆ నీరు చివరికి చేరేది మూసీకే. సమస్య కరగలేదు, దాని చిరునామా మారింది. ఇంటి చెత్త విషయంలోనూ ఇదే తర్కం నడిచింది. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం మున్సిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిశాయి. ఆ నగరం చెత్త నగరానికి అవతలి కొసన ఉన్న జవహర్‌నగర్ గుట్టలకు పోతూ వచ్చింది. పటాన్‌చెరు వాగు నీళ్ల బాధ ఎలా ఉంటుందో, జవహర్‌నగర్ చుట్టుపక్కల బోరుబావుల బాధ అలాగే ఉంది. ఫ్యాక్టరీ వ్యర్థానికి పైపు, ఇంటి వ్యర్థానికి లారీ. రెండూ చేసేది ఒక్కటే పని, కంటికి దూరం చేయడం. పాత ఏర్పాటులో మిగులు నడిచే దూరం వంటింటి నుంచి కొట్టం దాకా, మహా అయితే చేను దాకా. దూరం చిన్నది కాబట్టి అందులో చెడ్డది కలిపితే ఆ పాలల్లో, ఆ పంటలో వెంటనే తెలిసేది. దూరం పెరిగే కొద్దీ తెలియడం తగ్గింది, తెలియనిదానికి జవాబుదారీ కూడా తగ్గింది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. రోజూ టన్నుల కొద్దీ రసాయనాలు వాడే పరిశ్రమల పక్కన ఒక ఇంటి కూరగాయ తొక్కలు ఏపాటివి? ఇంటావిడను ఎరువు డబ్బా పెట్టుకోమనడం అసలు దోషుల మీది చూపును మళ్లించడం కాదా? ఈ అభ్యంతరంలో నేరం ఎవరిదన్న విషయంలో పూర్తి న్యాయం ఉంది. నక్కవాగును చంపింది ఏ ఇంటి కుడితీ కాదు. పొదుపు ఉపన్యాసాలు ఇళ్లకు, మినహాయింపులు ఫ్యాక్టరీలకు అన్న పద్ధతి అన్యాయమే. అయితే దీన్నుంచి ఇళ్లు ఏమీ చేయనక్కర్లేదన్న ముగింపు రాదు. వచ్చే ముగింపు వేరు. వాగును శుభ్రం చేయమని అడగడం కూడా వంటింటి పనే. విషం ఎక్కిన నేలలో ఇంటి ఎరువు వేసి పండించిన తోటకూర ఎవరికి ఆరోగ్యం? ఎరువు డబ్బా, కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే ఫిర్యాదు ఒకే పనికి రెండు కొసలు. డబ్బా మాత్రమే పెట్టుకుని ఫిర్యాదు మానేస్తే ఎరువు పోయడానికి నేల దొరకదు. ఫిర్యాదు మాత్రమే చేసి డబ్బా మానేస్తే నేల బాగుపడిన రోజున దానికి తిరిగి ఇవ్వడానికి మన దగ్గర ప్లాస్టిక్ కలిసిన చెత్త తప్ప ఏమీ ఉండదు.

ఈ వాదన గాలిలోది కాదనడానికి అదే జిల్లా రెండో కొస రుజువు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ 2023 మార్చిలో మరణించారు. సుమారు 75 గ్రామాల్లో ఏర్పడిన మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతాల వాళ్లు. చౌకబియ్యం వచ్చిన ఏడాదే మొదలైన ఆ సొసైటీకి చెందిన ఈ సంఘాలు 1990ల నడుమ చౌకదుకాణానికే ప్రత్యామ్నాయం కట్టాయి. బీడుపడిన భూములను అప్పుతో సాగులోకి తెచ్చి, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తీర్చుకున్నాయి. ఊళ్లో నిల్వచేసిన ఆ జొన్నలను నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చాయి. గింజ ఊళ్లోనే పండింది కాబట్టి సొప్ప ఊళ్లోనే మిగిలింది. సొప్ప ఉంటే పశువు, పశువు ఉంటే పెంట, పెంట ఉంటే కొనక్కర్లేని ఎరువు. విత్తనాలను ఇంట్లోనే బూడిద, వేపాకు కలిపి మట్టితో అలికిన బుట్టల్లో దాచి, అడిగిన వాళ్లకు అప్పిచ్చి, కొంత కలిపి తిరిగి తీసుకునే పద్ధతి నిలిచింది. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, అనుములు, పెసర, అవిసె కలిపి వేశారు. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎడ్లబండ్ల మీద ఈ విత్తనాలు ఊరూరా తిరిగే పాత పంటల జాతర, 2008లో మాచనూరులో మొదలైన సంఘం రేడియో, 2019లో వచ్చిన ఈక్వేటర్ బహుమతి పేరు తెచ్చాయి. కానీ వంటింటి చరిత్రకు వీటన్నిటికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. ఒకప్పుడు వెట్టిలో ఊడిగం చేసిన కులాల స్త్రీలే ఈసారి ఆ చక్రాన్ని సొంత భూమి మీద, సొంత లెక్కతో, సొంత నిర్ణయంతో తిప్పారు. వెట్టి లేకుండా వృథా లేని ఏర్పాటు సాధ్యమేనని ఇంతకన్నా సూటిగా చూపే ఉదాహరణ ఈ జిల్లాలో లేదు.

అది చేను ఉన్నవాళ్ల కథ, ఇస్నాపూర్‌లో ఒకే గదిలో నలుగురు ఉండే ఒడిశా, బిహార్ కార్మికులకు, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్‌లో ఆరో అంతస్తు వాళ్లకు పనికిరాదనవచ్చు. ఇంటికో బర్రె కావాలంటే నిజంగానే కుదరదు. ఐతే కుడితి గోలెం ఇంటింటికీ ఉండి తీరాలన్న నియమం ఎక్కడిది? ఊరికొకటి, కాలనీకొకటి ఉండొచ్చు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థంతో 500 యూనిట్ల వరకు విద్యుత్తు తీసే ప్లాంటు భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో నడిచింది. ఆ మార్కెట్ క్యాంటీన్ పొయ్యికి గ్యాస్ కూడా అందులోంచే. ఒకప్పటి మెదక్ జిల్లా నుంచే విడిపోయిన సిద్దిపేటలో విందులకు స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టారు. ప్లాస్టిక్ కంచాన్ని మానమని చెప్పడంతో ఆగకుండా దానికి బదులు చేతికి అందించారు. 2019లో మొదలైన పల్లె ప్రగతితో తెలంగాణ పంచాయతీలకు ట్రాక్టరు, చెత్త వేరుచేసే షెడ్డు వచ్చాయి. తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా తీసుకోవాలన్న 2016 నాటి కేంద్ర నిబంధనలు అంతకు ముందే ఉన్నాయి. అంటే సాధనాలకు కరువు లేదు. ఇంట్లో రెండు డబ్బాల్లో వేరుచేసిన చెత్తను వీధి చివర ఒకే లారీలో కలిపేసే చోట ఆ ఇంటివాళ్లు రెండో వారమే విసిగి మానేస్తారు. తప్పు వాళ్లది కాదు. అందుకునే చోటు ఉన్నప్పుడే అలవాటు నిలుస్తుందన్న పాత నియమమే ఇక్కడా పనిచేస్తోంది.

చిరుధాన్యాల విషయంలోనూ ఇదే కొలత వాడాలి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రలు, సామలు ఇప్పుడు మెరిసే ప్యాకెట్లలో, బియ్యానికి మించిన ధరకు అమ్ముడుపోతున్నాయి. ఆకలి తిండిగా చూసిన గింజ ధనికుల ఆరోగ్యపు తిండి అయిందని విమర్శించేవాళ్ల మాట తోసేయలేం. చౌకబియ్యం తింటున్న కార్మికుడికి కొర్రలు కొనుక్కో అనడం పరిహాసమే అవుతుంది. దీనికి విరుగుడు జహీరాబాద్ సంఘాలు ముప్పై ఏళ్ల కిందటే చూపాయి. గింజను ప్యాకెట్‌గా కాకుండా పంటగా చూడాలి. జిల్లాలో పండిన జొన్నలను ప్రభుత్వం సేకరించి బడి మధ్యాహ్న భోజనానికి, అంగన్‌వాడీకి, చౌకదుకాణానికి ఇస్తే పేదవాడికి ధర సమస్య తప్పుతుంది, రైతుకు సొప్ప మిగులుతుంది. ప్లాస్టిక్ కవరులో దూరం నుంచి వచ్చిన కొర్ర వంటింటికి ఆరోగ్యం తేవచ్చు గానీ, వాగు ఒడ్డు పశువుకు గడ్డి తేదు.

ఇంతకీ పటాన్‌చెరు పట్టీలో వంటింటిని బాగుచేసుకోవాలనుకునే ఇల్లు ఏం చేయాలి? ఏ వస్తువునైనా కొనే ముందు, వాడే ముందు ఇది అక్కరతీరాక ఎక్కడికి పోతుంది, అక్కడ దాన్ని అందుకునేది ఎవరు అని అడగాలి. జవాబు ఉన్న వస్తువులు ముందు, లేనివి తర్వాత. తడి చెత్తను వేరుచేసి పక్క పాడి రైతుకో, నర్సరీకో, కాలనీ ఎరువు గుంతకో ఇవ్వగలిగితే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ ఏర్పాటు చేయమని మున్సిపాలిటీని అడగడమే ఆ ఇంటి పర్యావరణ పని. వేరుచేసిన చెత్తను కలపకుండా తీసుకెళ్లే బండి, వార్డుకో ఎరువు గుంత, విందులకు అద్దె కంచాలు, బోరు నీటి పరీక్షల ఫలితాలు ఊరి గోడ మీద పెట్టడం, ఇవన్నీ ఇంట్లో తయారయ్యేవి కావు. ఓటు వేసిన వాళ్లు అడిగితే వచ్చేవి. పరిశ్రమల నుంచి అడగాల్సింది కూడా ఇదే కొలతతో ఉండాలి. మీ వ్యర్థం ఎంత దూరం పోతోందని కాకుండా, పోయిన చోట ఎవరి బావిలో తేలుతోందో చెప్పమనాలి. పాత పల్లె వంటింటిలో పొగ, వెట్టి, చాకిరీ పోవడం మంచిదే. వాటితో పాటు పోగొట్టుకున్న మిగులుకు తావు చూపే ఏర్పాటును మాత్రం కొత్తగా, ఉమ్మడి ఖర్చుతో, ఎవరి మెడకూ చుట్టకుండా తిరిగి కట్టుకోవాలి. ఆ కట్టడానికి ఇళ్లు ఇవ్వగలిగేది వేరుచేసిన చెత్త, అడిగే గొంతు. మిగతాది పంచాయతీ, మున్సిపాలిటీ, పరిశ్రమ ఇవ్వాల్సిన బాకీ.